ఏడు సైకిళ్ళు – ఒక్క దారి

పిల్లలూ! మీ ఇంట్లో ఎన్ని సైకిళ్ళున్నాయి? ఒకటో, రెండో ఉంటాయి. మొన్న మొన్నటిదాకా మా ఇంట్లో ఏడుండేవి. ఇంట్లో మనుషులం మాత్రం ఇద్దరమే. "ఇది ఇల్లా, సైకిలు షాపా?" అని మా ఇంటావిడ రోజుకొకసారైనా అడిగేది. నేను వినిపించుకోనట్టు చెయినుకు నూనె వేసుకుంటూ కూర్చునేవాణ్ణి.

ఏడు ఒక్కసారిగా వచ్చి పడలేదు. మొదటిది మా నాన్నగారి నల్ల సైకిలు. ఆయన టపా బంట్రోతు. ఆ సైకిలు ముందు కడ్డీ మీద కూర్చునే నేను ఒకటో తరగతిలో చేరడానికి వెళ్ళాను. రెండోది మా ఇంటావిడ టీచరు ఉద్యోగానికి వెళ్ళిన ఆడవాళ్ళ సైకిలు. మూడోది వంకర హాండిలు, సన్నటి టైర్లు ఉన్న పందెం సైకిలు. నాలుగోది ముందూ వెనకా స్ప్రింగులున్న లావు టైర్ల సైకిలు. అయిదోది మడత పెట్టే చిన్న చక్రాల సైకిలు. ఆరోది మా అబ్బాయి చిన్ననాటిది. ఏడోది ఎవరో బ్యాంకు ఉద్యోగి బదిలీ మీద ఊరు వదిలిపోతూ చవగ్గా అమ్మితే కొన్న బూడిదరంగు సైకిలు. దాన్ని గురించి చెప్పుకోవడానికి అప్పట్లో నాకేమీ కనిపించలేదు. అంచేత అది ఎప్పుడూ గోడవారనే ఉండేది.

కిందటి ఏడాది మేము రాజమండ్రిలోని పాత పెంకుటిల్లు ఖాళీ చేసి, మా అబ్బాయి ఉంటున్న మేడకు మారవలసి వచ్చింది. వాళ్ళ వాటా రెండో అంతస్తులో ఉంది. మెట్ల కింద సరిగ్గా ఒక్క సైకిలు పట్టే చోటుంది. ఏడింట్లో ఏది ఉంచుకోవాలి? నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

మా మనుమరాలు ఏడో తరగతి చదువుతోంది. అది నా అవస్థ చూసి, "తాతయ్యా, మాకయితే పరీక్షలు పెట్టేవాడివి కదా! వాటికీ పెట్టు. ప్యాసయినదాన్ని ఉంచుకో" అన్నది.

ముప్పై యేళ్ళు పరీక్షలు పెట్టిన నాకు ఈ మాట తట్టలేదు, చూశారా!

* * *

పరీక్ష అంటే ప్రశ్నపత్రం ఉండాలి కదా. నా ప్రశ్నపత్రం ఒక దారి. రాజమండ్రి నుంచి ధవళేశ్వరం, అక్కణ్ణుంచి ఆనకట్ట మీదుగా బొబ్బర్లంక, కాలవ పక్కనే ఆత్రేయపురం, అక్కడ రేవు దాటి ఒక లంక. తిరుగు ప్రయాణంలో మళ్ళీ బొబ్బర్లంక, విజ్జేశ్వరం, కొవ్వూరు, అక్కడ గోదావరి మీది పెద్ద వంతెన ఎక్కి ఇంటికి. మొత్తం అరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ దారే ఎందుకంటారా? నేను ఏడాదికి పదిసార్లయినా తిరిగే దారి అదే. నా పాత విద్యార్థులు, మా చుట్టాలు ఆ ఊళ్ళలోనే ఉన్నారు. పైగా అందులో తారు రోడ్డుంది, మట్టిగట్టుంది, ఇసకుంది, పడవుంది, ఎత్తుంది, పల్లముంది.

నాలుగు సైకిళ్ళు ఇంటి దగ్గరే తప్పాయి. మా అబ్బాయి చిన్ననాటిది నాకు చాలదు. ఆడవాళ్ళ సైకిలు మంచిదే కాని, దానిమీద నా మోకాళ్ళు హాండిలుకు తగులుతాయి. మడత సైకిలు చక్రాలు చిన్నవి. పెద్ద చక్రం చిన్న గుంటమీద నుంచి దాటిపోతుంది, చిన్న చక్రం అందులోకి దిగిపోతుంది. ఇక స్ప్రింగుల సైకిలు. గట్టిగా తొక్కినప్పుడల్లా అది కిందికీ పైకీ ఊగుతుంది. నా బలంలో కొంత స్ప్రింగులే తినేస్తాయి. కొండదారిలో గంతులు వేసే కుర్రవాడికయితే అవి కావాలి. నాకెందుకు?

మిగిలినవి మూడు: నాన్నగారి సైకిలు, పందెం సైకిలు, బూడిదరంగు సైకిలు. కార్తీక మాసంలో మూడు ఆదివారాలు, మూడు సైకిళ్ళు, ఒకటే దారి.

మా మనుమరాలు ఇంకొక షరతు పెట్టింది. "ప్రతిసారీ ఆత్రేయపురం నుంచి నాకు పూతరేకులు తేవాలి. విరక్కుండా తేవాలి!"

* * *

మొదటి ఆదివారం నాన్నగారి సైకిలు. నిజం చెప్పాలంటే, పరీక్ష పెట్టకముందే దాన్ని ప్యాసు చేసేశాను.

పొద్దున్నే ధవళేశ్వరం చేరాను. మొదటి ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసింది ఆర్థర్ కాటన్ దొర. అంతకుముందు ఈ జిల్లాలో ఒక ఏడు వరద, ఒక ఏడు కరువు. పక్కనే నది పారుతున్నా పొలానికి నీళ్ళుండేవి కావు. ఆనకట్ట వచ్చాక నీళ్ళు కాలవల్లోకి మళ్ళి, డెల్టా అంతా పచ్చబడింది. ఆ పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజి 1982లో పూర్తయింది. దానికి కాటన్ పేరే పెట్టారు. నది మధ్యలో లంకలుండటం చేత బ్యారేజి నాలుగు ముక్కలుగా ఉంటుంది: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. నాలుగింటికీ కలిపి 175 తలుపులు.

నాన్నగారి సైకిలు మీద నడుము నిటారుగా పెట్టుకుని కూర్చుంటాం. అంచేత నది అంతా కనిపిస్తుంది. ఒకవైపు నిండుగా నిలిచిన నీళ్ళు, ఇంకొకవైపు ఇసక తిన్నెలు, వాటి మధ్య పాయలు, తిన్నెల మీద కొంగలు. బొబ్బర్లంక దగ్గర కోనసీమలోకి దిగగానే కాలవ పక్కన కొబ్బరిచెట్ల నీడ మొదలయింది. దుడుకు లేకుండా, ఏనుగు మీద పోతున్నట్టు పోయాను. ఆత్రేయపురంలో పూతరేకులు కట్టించుకున్నాను. బోర్లించిన కుండను కింద మంటతో వేడిచేసి, పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి దానిమీద ఒక్కసారి లాగుతారు. క్షణంలో కాగితం కన్నా పల్చటి రేకు లేస్తుంది. దాంట్లో నెయ్యి, పంచదారో బెల్లమో వేసి మడుస్తారు. ఈ మిఠాయికి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

చిక్కు రేవు దగ్గర వచ్చింది. ఆ సైకిలు బరువు 22 కిలోలు. దాన్ని పడవలోకి ఎక్కించడం నావల్ల కాలేదు. పడవ నడిపేవాడు పరుగున వచ్చి ఒక చేత్తో ఎత్తి లోపల పెట్టాడు.

"మేష్టారండీ, నన్ను గుర్తుపట్టారాండి?" అన్నాడు.

నేను గుర్తుపట్టలేదు.

"ఆయ్, మీ దగ్గర పదో తరగతి చదువుకున్నానండి. ఫస్టు మార్కులెప్పుడూ రాలేదు లెండి. అన్నిట్లోనూ ప్యాసయ్యాను" అని నవ్వాడు.

తిరిగి వచ్చేటప్పుడు కొవ్వూరు వైపు నుంచి వంతెన ఎక్కాలి. 1974లో కట్టిన వంతెన అది. కింద రైలు, పైన రోడ్డు. రైలు మీదుగా పోవాలి కాబట్టి రోడ్డు ఎత్తుగా ఉంటుంది. ఆ ఎత్తులో సగం దూరం సైకిలు దిగి తోసుకుంటూ నడిచాను. ఇంతలో సన్నటి జల్లు మొదలయింది. అవతలివైపు పల్లంలో బ్రేకు నొక్కితే పట్టలేదు! ఆ సైకిలు బ్రేకు కడ్డీలు ఇనప రిమ్ముకు రబ్బరు ముక్కల్ని లాగి పట్టిస్తాయి. తడిసిన ఇనుము మీద రబ్బరు జారుతుంది. ముందు ఒక అరటిగెలల బండి పోతోంది. చెప్పులు రోడ్డుకు రాసి, దానికి జానెడు దూరంలో ఆపగలిగాను. గుండె చాలాసేపు కొట్టుకుంటూనే ఉంది.

ఇంటికొచ్చాక మనుమరాలు పెట్టె విప్పింది. ఒక్క పూతరేకయినా విరగలేదు.

* * *

రెండో ఆదివారం పందెం సైకిలు. అబ్బ, ఏమి పరుగు! ధవళేశ్వరం ఎప్పుడొచ్చిందో తెలియలేదు. కాని బ్యారేజి దాటాక ఒక సంగతి గ్రహించాను. కొంగలున్నాయో లేదో నేను చూడనే లేదు. వంకర హాండిలు మీద వంగి కూర్చుంటే కనిపించేది ముందు చక్రమూ, దాని ముందు రోడ్డూను.

లంకలో ఇసక వచ్చింది. చక్రాలు కత్తిలా దిగిపోయాయి. ఎంచేతంటే చెబుతాను, లెక్క వేయండి. నేను 66 కిలోలు, ఆ సైకిలు 11 కిలోలు, మొత్తం 77. సన్నటి టైరులో గాలి బాగా బిగించాలి, చదరపు సెంటీమీటరుకు 7 కిలోల ఒత్తిడి ఉండాలి. 77ను 7తో భాగిస్తే 11. అంటే రెండు టైర్లూ కలిపి నేలను తాకేది సుమారు 11 చదరపు సెంటీమీటర్లు, మీ రెండు బొటనవేళ్ళ అచ్చులంత. నా బరువంతా అంత చోటు మీద పడితే ఇసక ఆగుతుందా? బూడిదరంగు సైకిలు టైర్లు లావువి. వాటిలో ఒత్తిడి 3 కిలోలు చాలు. ఆ సైకిలు 15 కిలోలు, నేను 66, మొత్తం 81. మూడుతో భాగిస్తే 27. నేలను తాకే చోటు రెండున్నర రెట్లు! బురదలో పలక మీద నిలబడితే దిగబడం, ఒంటికాలి మీద నిలబడితే దిగబడతాం. ఇదీ అంతే.

సైకిలు భుజాన వేసుకుని ఇసక దాటాను. పడవ నడిపే నా శిష్యుడు అరటిపళ్ళు ఇస్తే పెట్టుకోవడానికి క్యారియరు లేదు. వాళ్ళమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. రోజూ పడవ దాటి, ఇవతల గట్టు నుంచి హైస్కూలుకు 4 కిలోమీటర్లు నడుస్తుందట. ఆ మాట వింటున్నప్పుడు మా పెంకుటింట్లో గోడకు ఆన్చి ఉన్న సైకిళ్ళు కళ్ళముందు మెదిలాయి. ఏమీ అనకుండా బయలుదేరాను.

కాలవ గట్టు మీద గాజుపెంకు ఒకటి టైరును పక్కగా చీల్చింది. అది ట్యూబుకు అతుకు వేస్తే తీరేది కాదు. ఊళ్ళో సైకిలు బాగుచేసే ఆయన చూసి, "ఈ సైజు టైరు మా దగ్గర దొరకదండీ. రాజమండ్రిలో అడగాలండి" అన్నాడు. చివరికి ఆటోలో పెట్టుకుని చీకటి పడ్డాక ఇల్లు చేరాను. వీపు సంచిలో పెట్టుకొచ్చిన పూతరేకులు పొడుం అయిపోయాయి. మా మనుమరాలు ఆ పొడుమే చెంచాతో తిన్నది.

* * *

మూడో ఆదివారం బూడిదరంగు సైకిలు. దీనిమీద నాకు ఆశ లేదు. అయినా పరీక్ష అన్నాక అందరినీ కూర్చోబెట్టాలి కదా.

పందెం సైకిలంత వేగం లేదు. నాన్నగారి సైకిలంత మెత్తదనం లేదు. కాని కూర్చుంటే నది కనిపించింది. బ్యారేజి తలుపుల మీదుగా కొంగల బారు ఎగిరిపోవడం చూశాను. దానికి మడ్‌గార్డులున్నాయి, క్యారియరుంది. వెనక చక్రానికి అయిదు పళ్ళచక్రాలున్నాయి.

ఆత్రేయపురం దగ్గర లొల్ల అనే ఊరుంది. అక్కడ కాలవ మీద లాకులున్నాయి. పూర్వం ఈ కాలవల్లో సరుకుల పడవలు తిరిగేవి. ఒకచోట కాలవ నీరు ఎత్తుగా ఉండి, ముందు పల్లంగా ఉంటే పడవ ఎలా ఎక్కుతుంది? దానికే లాకు. పడవ రెండు తలుపుల మధ్యకు రాగానే వెనక తలుపు మూస్తారు. పై నీటిని కొద్దికొద్దిగా వదులుతారు. నీటితో పాటు పడవా లేస్తుంది. అప్పుడు ముందు తలుపు తీస్తారు. ఎంత బరువు పడవయినా తొందర పడకపోతే ఎత్తు ఎక్కగలదు. సైకిలు గేరు చేసే పని కూడా ఇంచుమించు ఇదే. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు.

అదెలాగో చూడండి. మొదట్లో సైకిళ్ళకు చెయిను లేదు. 1817లో జర్మనీలో ద్రైస్ అనే ఆయన చేసిన కొయ్యబండికి పెడళ్ళు కూడా లేవు, కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవాలి. తరవాత ముందు చక్రానికే పెడళ్ళు బిగించారు. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే. అంచేత వేగం కావాలంటే చక్రం పెద్దదిగా ఉండాలి. ఒకటిన్నర మీటరు ఎత్తు చక్రాలు చేసి, వాటి మీదికెక్కి, బోర్లా పడి ముక్కులు పగలగొట్టుకునేవాళ్ళు! 1885లో ఇంగ్లండులో స్టార్లీ అనే ఆయన చెయినుతో వెనక చక్రం తిరిగే సైకిలు చేశాడు. 1888లో డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల బండి కుదుపు తగ్గించడానికి గాలి టైరు చేశాడు. మనం ఇవాళ తొక్కే సైకిలు ఈ రెండూ కలిసినదే.

నాన్నగారి సైకిలుకు ముందు పళ్ళచక్రంలో 44 పళ్ళు, వెనక 18. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 5 మీటర్ల 40 సెంటీమీటర్లు పోతుంది. బూడిదరంగు సైకిలుకు ముందు 38 పళ్ళు. వెనక అన్నిటికన్నా చిన్నదానికి 14, పెద్దదానికి 28. చెయిను 14 మీద ఉన్నప్పుడు ఇదీ ఒక చుట్టుకు అంతే పోతుంది. 28 మీద పడితే సరిగ్గా అందులో సగం, 2 మీటర్ల 70 సెంటీమీటర్లు. చుట్లు రెట్టింపు తొక్కాలి, కాని ఒక్కొక్క చుట్టుకు కావలసిన బలం సగమే. నావంటి ముసలివాడికి ఎత్తు మీద అంతకన్నా ఏం కావాలి?

రేవు దగ్గర సైకిలును నేనే ఎత్తి పడవలో పెట్టాను. ఇసకలో మెల్లగానయినా తొక్కుకుంటూనే పోయాను. ఒకచోట మాత్రం దిగాను. అరటిగెల క్యారియరుకు కట్టుకున్నాను. సాయంత్రం కొవ్వూరు వంతెన ఎత్తు, నత్తలా అనుకోండి, ఒక్కసారి కూడా దిగకుండా ఎక్కాను. పైన ఆగి చూస్తే పడమటి వైపు ఎండ నీళ్ళ మీద పరుచుకుని ఉంది. పాత హేవలాక్ వంతెన స్తంభాలు నదిలో బారుగా నిలబడి ఉన్నాయి. 1900 నుంచి రైళ్ళను మోసిన ఆ వంతెన 1997లో విశ్రాంతి తీసుకుంది. నేను కూడా విశ్రాంతి తీసుకున్నవాణ్ణే కదా అనుకుని నవ్వుకున్నాను. పల్లంలో బ్రేకులు బుద్ధిగా పట్టాయి.

మా మనుమరాలు పెట్టె విప్పి, "రెండు విరిగాయి తాతయ్యా. మిగతావి బాగున్నాయి" అన్నది.

* * *

ఆ రాత్రి మార్కుల పట్టీ వేశాను. వేగంలో పందెం సైకిలు మొదటిది. బరువు మోయడంలో, కుదుపు లేకపోవడంలో నాన్నగారి సైకిలు మొదటిది. బూడిదరంగు సైకిలుకు ఏ ఒక్కదానిలోనూ మొదటి మార్కు రాలేదు. కాని ఏ ఒక్కదానిలోనూ తప్పలేదు. నేను ఉంచుకోగలిగినది ఒక్కటే అయినప్పుడు, ఒక్కదానిలో నూరు తెచ్చుకుని ఇంకొకదానిలో సున్నా తెచ్చుకునేది నన్ను నడిదారిలో వదిలేస్తుంది.

పిల్లలూ, ఆ పట్టీ చూస్తూ ఉంటే పడవ నడిపే నా శిష్యుడు గుర్తుకొచ్చాడు. అతను పడవ నడుపుతాడు, దాని ఇంజను తనే బాగుచేసుకుంటాడు, అరటి పండిస్తాడు, వరద వస్తే ఊరివాళ్ళను గట్టు చేరుస్తాడు. అన్నిట్లోనూ ప్యాసయిన పిల్లవాడు! ఫస్టు వచ్చిన వాళ్ళందరి పేర్లూ నాకు గుర్తున్నాయి. అతని ముఖం మాత్రం నేను గుర్తుపట్టలేదు. సైకిలుకు పెట్టిన పరీక్షలో ఆ రాత్రి నేనే తప్పాననిపించింది.

ఇక మిగిలిన ఆరు. పందెం సైకిలు పందేలకు సాధన చేసే ఒక కుర్రవాడికిచ్చాను. మడత సైకిలు రోజూ రైల్లో పనికి వెళ్ళే స్నేహితుడికి, స్ప్రింగులది ఏజెన్సీ ఊళ్ళో పనిచేసే టీచరుకి, చిన్నది పక్కింటి పిల్లవాడికి చేరాయి. ఆడవాళ్ళ సైకిలు లంకలోని ఆ ఎనిమిదో తరగతి అమ్మాయిది. మా ఇంటావిడే స్వయంగా గంట బిగించి ఇచ్చింది. రాత్రి సైకిలును ఇవతలి గట్టు మీద పాకలో ఉంచుతారు.

నాన్నగారి సైకిలు ఇవ్వడమే కష్టమయింది. రెండుసార్లు వీధి దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చాను. "దాన్ని మెట్ల కింద పెట్టి తుడుచుకుంటూ కూర్చుంటే మామయ్యగారు సంతోషిస్తారా?" అన్నది మా ఇంటావిడ. నాన్నగారు ఒక్కరోజు కూడా దాన్ని ఊరికే నిలబెట్టలేదు. కొత్త బ్రేకు రబ్బర్లు వేయించి నా శిష్యుడికిచ్చాను. "వానలో వంతెన ఎక్కకు" అని మరీ మరీ చెప్పాను. "ఆయ్, మాకిక్కడ వంతెనలెక్కడివండి, అంతా చదునే కదాండి" అన్నాడు. మా నాన్నగారు ఉత్తరాల సంచి కట్టిన క్యారియరు మీద ఇప్పుడు అరటిగెలలు సంతకు పోతున్నాయి.

మెట్ల కింద బూడిదరంగు సైకిలుంది. రోజూ పొద్దున్నే బయటికి వస్తుంది.

ఇక మీకొక పని. మీ సైకిలు ముందు చక్రానికీ, వెనక చక్రానికీ ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెట్టండి. వెనక టైరు మీద సుద్దతో గీత గీసి, ఒక చుట్టుకు ఎంత దూరం పోతుందో కొలవండి. పెడలు ఒక చుట్టుకు మీ సైకిలు ఎన్ని మీటర్లు పోతుందో మీకే తెలుస్తుంది. కొత్త సైకిలు కావాలని నాన్నగారినడిగే ముందు మాత్రం ఇంకొక లెక్క వేయండి. మీరు రోజూ పోయే దారి ఎలాటిదో ఒక కాగితం మీద రాయండి. షాపులో మొదట చూపించవలసింది ఆ కాగితమే.